కాగితం మీద లేని మాట

"ఇంక మూడొద్దులే గదా అన్నా" అంది లక్ష్మమ్మ, నాలుగోసారి. "ముప్పయ్యేడొద్దులు ఆగినోళ్ళం. మూడొద్దులు ఆగలేమా?"

జవాబు చెప్పాల్సిన మనిషి బాలనర్సయ్య. ఆయన గోడకు ఆనుకుని పైకి చూస్తున్నాడు, ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నట్టు. ఆ ఫ్యానుకున్నవి మూడే రెక్కలు. ఎంతసేపని లెక్కపెడతాడు?

పొద్దున ఎనిమిదింటికి వచ్చి గడప లోపల కూర్చున్న మనిషి పదిన్నరైనా కదల్లేదు. ఒళ్ళో ప్లాస్టిక్ సంచీ, అందులో దవాఖాన కాగితాలు. తారాబాయి ఇచ్చిన చాయ మీద మీగడ కట్టి చల్లారిపోయింది.

"ఆయనకు చెప్పేదేం లేదమ్మా, నాకు చెప్పు" అంది తారాబాయి వంటగట్టు దగ్గర్నుంచి. "డాక్టరు ఏమన్నడు? మల్లొకసారి చెప్పు. మా ఆయన చెవులు బాగా పనిచేస్తలేవు ఇయ్యాల."

చెవులు బాగానే పనిచేస్తున్నాయి. మూడేళ్ళుగా పని ఎక్కువైంది నోటికే.

లక్ష్మమ్మ మళ్ళీ చెప్పింది. ముంబయి వర్లిలో లేస్తున్న పెద్ద బిల్డింగు కింద రేకుల షెడ్డులో వాళ్ళ కాపురం. మొగుడు యాదయ్యది అక్కడే సెంట్రింగు పని. సంక్రాంతి దాటిన వారంలో కాలికి మేకు దిగింది. ఒంట్లో షుగరుందని అప్పటిదాకా వాళ్ళకు తెలియదు. పుండు మానలేదు. ఇప్పుడు రెండు వేళ్ళు నల్లబడ్డాయి. ఇవాళ నాలుగింటికి ఆపరేషను చేసి ఆ రెండు వేళ్ళు తీసేస్తామన్నారు. ఇవాళ కాదంటే రేపు పాదం పోవచ్చునన్నారు. ఎల్లుండి సంగతి డాక్టరు చెప్పలేదు.

"ఆయన సంతకం వెడుతలేడు. నేను సరే అంటేనే పెడ్త అంటున్నడు. నేనెట్లంటనే? నలభై దినాలు ఫోన్ల వాక్యం ఇంటె బాగైతదని బ్రదరన్న చెప్పె. మట్టల ఆదివారానికి నలభై నిండుతయి. మూడొద్దుల కోసం ఏళ్ళు కోయించుకోవాల్నా?"

మట్టలాదివారం, అంటే ఈస్టరుకు ముందటి ఆదివారం. ఇవాళ గురువారం.

ఆమె చెప్పిన బ్రదరన్న ఈ గోడకు ఆనుకున్న మనిషే. పొద్దున అడ్రసు వెతుక్కుంటూ వచ్చి తలుపు తట్టినప్పుడు లక్ష్మమ్మ వేరే ఇంటికి వచ్చాననుకుంది. తెల్లంగీ వేసుకున్న ఎవరో పుణ్యాత్ముడు తలుపు తీస్తాడనుకుంటే, నుదుటి మీద నామంతో, ఆంజనేయుడి పటం కింద, లుంగీ కట్టుకున్న ముసలాయన నిలబడి ఉన్నాడు. "ఎవరు కావాలమ్మా?" అని ఆయన అన్నాకే, ఆ గొంతు విని ఆమె చేతులు జోడించింది.

గొంతు మాత్రం అబద్ధం కాదు. కామాటిపుర పదకొండో గల్లిలో బాలనర్సయ్య గొంతు తెలియనివాళ్ళు లేరు. పోస్టాఫీసులో మూటలు కట్టే పని చేసి రిటైరయ్యాడు. శనివారం శనివారం భజన మండలిలో కథ చదువుతాడు. మునిసిపాలిటీ తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదివిన ఆఖరి బ్యాచీల్లో ఆయనొకడు. ఈ గల్లీల్లో ఇప్పటి పిల్లలకు తెలుగు నోట్లో ఉంది, అక్షరాలు మాత్రం మరాఠీవి.

అందుకే మూడేళ్ళ కిందట చర్చి నుంచి సిస్టర్ ఫిలోమినా ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. ముంబయిలో చెల్లాచెదురుగా పనిచేసుకునే తెలుగు కథోలికులకు రోజూ బైబిలు వాక్యం మీద చిన్న ధ్యానం పంపాలని ఆమె కోరిక. తాను రాస్తుంది, కానీ చదివే గొంతు కావాలి. బాలనర్సయ్య వెంటనే ఒప్పుకున్నాడు. "దేవుడు ఏ గుళ్ళో ఉన్నా, తెలుగు తప్పు చదివితే ఆయన చెవులకూ కష్టమే గదా సిస్టరమ్మా" అన్నాడు. అప్పటినుంచి పొద్దున ఐదింటికి ఫోన్లో చదవడం, గ్రూపులో పంపడం.

మూడేళ్ళు అంతా బాగానే నడిచింది. ఈస్టరుకు ముందు వచ్చే ఈ తపస్సుకాలం మొదలయ్యే ముందు గుంటూరులో తల్లికి బాగాలేదని సిస్టర్ వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళే ముందు నలభై రోజుల ధ్యానాలూ రాసి ఫైలులో పెట్టి ఇచ్చింది. "అన్నయ్యగారూ, ఈ నలభై రోజులూ ఒక్కరోజు కూడా మానకుండా వినమని వాళ్ళకు చెప్పండి" అంది.

నలభై రోజులు. ఒక్కరోజు మానకుండా. బాలనర్సయ్యకు అర్థమైంది ఒక్కటే, ఇది మండల దీక్ష. దీక్ష అన్నాక ఫలం చెప్పకపోతే ఎట్లా? ఆయనకు కథ నేర్పిన గురువు ఫలశ్రుతి చెప్పకుండా పుస్తకం మూస్తే వేళ్ళ మీద కొట్టేవాడు. విన్నవాళ్ళను ఖాళీ చేతులతో పంపకూడదనేవాడు. అందుకే మొదటి రోజు, విభూది బుధవారం నాడు, సిస్టర్ రాసింది అయిపోయినా ఆయన నాలుక ఆగలేదు.

'ఈ నలుబది దినములు ఎడతెగక విన్నవారి రోగములు తొలగును, చెడిన అంగములు బాగుపడును, కోరిన కోర్కెలు నెరవేరును.'

అంత బాగా కుదిరిందని రెండో రోజూ చెప్పాడు. మూడో రోజూ చెప్పాడు. ఇవాళ పొద్దున ఐదింటికి కూడా చెప్పాడు.

కోడలు దర్శన దవాఖాన కాగితాలు తిరగేస్తోంది. రక్తపరీక్షల ల్యాబులో కౌంటర్ మీద పని ఆమెది, ఇవాళ సెలవు పెట్టింది. ఒక కాగితం దగ్గర ఆగిపోయింది.

"మామా, షుగర్ చార్‌శే, అంటే నాలుగొందలు, దాటింది. ఇన్‌ఫెక్షన్ రక్తంల పోతుంది. ఇది టైంపాస్ కాదు. రెండు వేళ్ళంటే ఇప్పుడు లక్కే సమజ్ జేస్కో."

"ఇంటున్నవా?" అంది తారాబాయి మొగుడితో.

బాలనర్సయ్య లేచి బీరువా పక్కనున్న ఫైలు తీశాడు. కాగితాలు గబగబా తిప్పి ఒకటి బయటికి లాగాడు. ఆయన ముఖం కాస్త తేటపడింది. చేసిన తప్పు ఒప్పుకోకుండానే బయటపడే దారి దొరికినట్టుంది.

"లక్ష్మమ్మా, ఇది ఇను. నాలుగో వారం చదివిన. బైబిల్ల సీరాపుత్రుని జ్ఞానగ్రంథం మీద సిస్టర్ రాసింది." గొంతు సవరించుకున్నాడు. "వైద్యుణ్ణి గౌరవించమని ఈ గ్రంథం చెబుతున్నది. అతణ్ణి కూడా దేవుడే సృష్టించాడు. జబ్బు చేసినప్పుడు ముందు ప్రార్థించు. ఆ తర్వాత వైద్యునికి చోటివ్వు. అతణ్ణి దూరం పెట్టకు, అతని అవసరం నీకు ఉంది..."

గదుల ముందు పొడుగునా ఉన్న చాల్ గ్యాలరీలో బిందెలు పట్టుకున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆగి విన్నారు. అంత బాగా చదివాడు.

లక్ష్మమ్మ పూర్తిగా విన్నది. విని అడిగింది. "గది గూడ నీ గొంతే. గిది గూడ నీ గొంతే. ఏది ఇనాలె అన్నా నేను?"

బాలనర్సయ్య కాగితం కిందికి దించాడు.

"ఇట్లా రా" అంది తారాబాయి.

పది అడుగుల ఖోలీలో ఇట్లా రావడానికి ఎంత చోటుంటుంది? మోరీ దగ్గరికి, గిన్నెలు కడిగే మూలకు వెళ్ళారు. తారాబాయి నల్లా విప్పింది, మాటలు బయటికి వినబడకుండా.

"చెప్పు ఆమెకు. ఆ మాట నీదని చెప్పు."

"చెప్తే ఏమైతదో ఎర్కనా? మిగిలినవి గూడ అబద్ధాలంటది. ఆమె ఇశ్వాసమే పోతది."

"ఆమె ఇశ్వాసం పోతదా, నీ ఇజ్జత్ పోతదా? సీదా చెప్పు."

బాలనర్సయ్య మోరీలోని గిన్నె ఒకటి తీసి బోర్లించాడు.

"నేను తెల్వక చేసిన తారా. మంచికే చెప్పిన."

"మంచికే చెప్పినవ్. నేను గూడ ఇన్న, పొద్దుగాల రొట్టెలు చేసుకుంట. నేనూ అనలే ఏం. మొగోడు మంచిగ చదువుతుండు అనుకున్న. నాదీ తప్పే." ఆమె కళ్ళు నల్లా మీదే ఉన్నాయి. "కాని ఆ మనిషి కాలు కుళ్ళుతుంది. నీ ఇజ్జత్ కంటె చిన్నదా ఆ కాలు?"

రోజూ పొద్దున రెండు వందల ముప్పై మంది ఆయన గొంతు కోసం చూస్తారు. బ్రదర్ అంటారు. రిటైరయ్యాక ఇంకెవరూ ఆయన కోసం చూసింది లేదు, సొంత కొడుకు స్వప్నిల్ కూడా పొద్దున లేస్తూనే ఫోను కోసం చూస్తాడు. ఆ రెండు వందల ముప్పై మందీ పోతే ఆయనకు మిగిలేది ఈ మోరీ పక్కన కుర్చీ. ఆ సంగతి తారాబాయికి తెలుసు. తెలిసే అడుగుతోంది.

నల్లా కట్టేసి ఆమె పక్కకు జరిగింది, దారి ఇస్తూ.

బాలనర్సయ్య ఫైలు తీసుకుని లక్ష్మమ్మ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. పటం కింద, తాను కూర్చుని చదివే పీటను కాలితో పక్కకు తోశాడు. మొదటి రోజు కాగితం బయటికి తీశాడు.

"నీకు చదువొచ్చునా లక్ష్మమ్మా?"

"రాదన్నా."

"రాకున్నా కానీ, ఇది చూడు." కాగితం ఆమె ముందు పరిచాడు. సిస్టర్ గుండ్రటి చేతిరాత సగం పేజీ వరకు ఉంది. "ఇక్కడ మొదలైతది. ఇక్కడ అయిపోతది. వేలు పెట్టు."

ఆమె చివరి వరుస కింద వేలు పెట్టింది. "ఈడికి అయిపాయెనా?"

"అయిపోయింది."

"ఇగ కిందదంత?"

"ఖాళీ. ఆ ఖాళీ కాడ నేను మాట్లాడిన." ఆయన ఆ చోటు వేలితో చూపించాడు. "రోగాలు పోతయి, అంగాలు బాగైతయి అన్నది దేవుని మాట కాదు. సిస్టర్ మాట కాదు. మా మండలిల కథ అయినంక అట్ల చెప్పే రివాజుంది. అలవాటు మీద నేనే తగిలించిన."

లక్ష్మమ్మ ఆయన వంక చూడలేదు. కాగితం కింది తెల్లని చోటును చేత్తో తడిమింది. ఫైలు దగ్గరికి లాక్కుంది. రెండో కాగితం తీసింది. దాని కిందా ఖాళీయే. మూడోది. నాలుగోది. ఒక్కొక్కటీ తీసి, రాత ఎక్కడ ఆగిందో చూసి, పక్కన పెట్టింది. ముప్పై ఏడూ చూసింది. ఎవరూ ఆమెను ఆపలేదు. దర్శన చేతిలో ఫోను మోగితే నొక్కేసింది.

"ఒక్కపారి గూడ చెప్పలేదా?" అంది చివరికి. "కాలు బాగైతదని దేవుడు ఒక్కపారన్న చెప్పలేదా?"

"కాలు గురించి చెప్పలేదమ్మా."

"మరేం జెప్పిండు ఇన్నొద్దులు?"

బాలనర్సయ్య ఇవాళ్టి కాగితం తీసుకున్నాడు. ఈసారి గొంతు సవరించుకోలేదు. రాగం తీయలేదు. ఉత్తరం చదివినట్టు చదివాడు.

"అబ్రహాము బయల్దేరినప్పుడు దారిలో ఏముందో దేవుడు అతనికి చెప్పలేదు. నేను నీతో ఉన్నాను అన్నాడు, అంతే. నా చిన్నప్పుడు ఇంట్లో కరెంటు పోతే నేను ఏడ్చేదాన్ని. మా అమ్మ చీకట్లోంచి 'ఉన్నానే' అనేది. అగ్గిపెట్టె ఎక్కడుందో ఆమెకూ తెలిసేది కాదు. వెలుతురు వచ్చేది కాదు. అయినా ఆ ఒక్క మాటకు నేను ఏడుపు ఆపేదాన్ని. నాకు కావలసింది దేవుడు చేసిపెడతాడని అనుకోవడం నమ్మకమే. చేసిపెట్టని రోజు కూడా ఆయన ఇక్కడే ఉన్నాడనుకోవడం అంతకంటే పెద్ద నమ్మకం. అది నాకూ ఇంకా పూర్తిగా రాలేదు. నా కోసం ప్రార్థించండి."

ఆగాడు. రోజూ ఆ తర్వాత వచ్చే మాట కోసం పెదవులు వాటంతటవే విచ్చుకున్నాయి. మూసుకున్నాడు.

బయట ఎవరిదో బిందె నిండి నీళ్ళు పొర్లుతున్నాయి.

"నువ్వు నన్ను మోసం జేసినవ్" అంది లక్ష్మమ్మ.

"చేసిన. తెల్వక చేసిన, కాని చేసిన."

"పొద్దుగాల ఐదింటికి లేసి ఆయన చెవు కాడ ఫోన్ పెట్టిన. ఒక్కొద్దు తప్పలే. సిగ్నల్ లేకుంటె ఫోన్ వట్టుకొని రోడ్డు మీదికి ఉరికిన. నర్సమ్మతోని కొట్లాడిన. డాక్టరుకు ఎదురు జెప్పిన." ఆమె ఏడుపు అప్పుడు వచ్చింది, కోపం వెనకాలే. తారాబాయి వచ్చి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. లక్ష్మమ్మ ఆ చెయ్యి తోసేసింది. కాసేపటికి మళ్ళీ తానే పట్టుకుంది.

ముక్కు కొంగుతో తుడుచుకుని ఉన్నట్టుండి తలెత్తింది. "నేనొక్కదాన్నేనా? ఇంకెంతమంది దినాలు లెక్క వెడుతున్నరో ఎర్కనా నీకు? మా సైట్ల సపన బీపీ గోలీ బంద్ జేసింది. నలభై నిండేదాంక ఏసుకోదట."

ఆ ఆలోచన బాలనర్సయ్యకు రానేలేదు. రెండు వందల ముప్పై మంది తన గొంతు వింటున్నారని మురిసిపోయాడే గానీ, విని ఏం చేస్తున్నారో ఒక్కనాడూ అడగలేదు.

"ఫోన్ల చెప్పు" అంది లక్ష్మమ్మ. "నా ముంగటనే చెప్పు."

దర్శన ఫోను పట్టుకుంది. బాలనర్సయ్య రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లు ఆపేశాడు. మూడోసారి ఆగకుండా చెప్పాడు.

"నేను బాలనర్సయ్యను. కామాటిపుర. నేను బ్రదర్‌ను కాదు. మీ చర్చివాణ్ణి గూడ కాదు, హిందువును. సిస్టర్ రాసింది చదివేటోణ్ణి. నలభై దినాలు ఇంటే రోగాలు పోతయని నేను రోజు చెప్తున్న కదా, ఆ మాట కాగితం మీద లేదు. నేను నా దిక్కెల్లి కలిపిన. నా మాట మీద ఎవరన్న మందులు బంద్ చేస్తే, దండం పెడ్త, ఇప్పుడే ఏసుకోండ్రి. ఆపరేషన్ ఆపుకున్నోళ్ళు దవాఖానకు పోండ్రి. తప్పు నాది. దేవునిది కాదు."

"పంపాల్నా మామా?" అంది దర్శన మెల్లగా.

"పంపు."

ఫోను చిన్న చప్పుడు చేసింది. మూడేళ్ళ మర్యాద ఆ చప్పుడుతో పోయిందనుకున్నాడు బాలనర్సయ్య. ఒంట్లోంచి బరువు కూడా దిగినట్టుంది. రెండూ ఒకేసారి ఎట్లా జరుగుతాయో ఆయనకు అర్థం కాలేదు.

లక్ష్మమ్మ లేచి సంచీ చంకన పెట్టుకుంది. "పా ఇగ. నాకు జెప్పినట్టే ఆయనకు గూడ చెప్పు. ఆయన నా మాట మీదున్నడు, నేను నీ మాట మీదున్న."

బాలనర్సయ్య చొక్కా తొడుక్కున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, నుదుటి నామం తుడుచుకోబోయాడు. చర్చి వాళ్ళను కలిసినప్పుడల్లా అట్లాగే చేసేవాడు.

"ఉండనీ" అంది లక్ష్మమ్మ. "ఇగ ఏం దాసకు."

తారాబాయి రొట్టెల డబ్బా పెట్టిన సంచీ దర్శన చేతికిచ్చింది. ఆయన మెట్లు దిగుతుంటే గ్యాలరీ కటకటాల మీదికి వంగి, గల్లీ మలుపు తిరిగేదాకా చూసింది.

ఫాక్‌లాండ్ రోడ్డు మీద ట్యాక్సీ దొరికేసరికి పన్నెండు దాటింది. దవాఖానలో యాదయ్య మంచం వరండాకు ఆనుకుని ఉంది. మనిషి జ్వరంతో ఎండిపోయాడు. కాలికి చుట్టిన గుడ్డ మీంచి వాసన వస్తోంది. బాలనర్సయ్య ఒక్కమాట అనగానే కళ్ళు తెరిచాడు.

"బ్రదరన్నా? గొంతు గుర్తువట్టిన."

"బ్రదర్‌ను కాదు యాదయ్యా." మంచం పక్కన నిలబడి అంతా చెప్పాడు. ఈసారి చెప్పడం తేలికవుతుందనుకున్నాడు. కాలేదు. కాలు కళ్ళెదురుగా ఉంది.

యాదయ్య నవ్వాడు. పొడిబారిన పెదాల మీద ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"నాకెర్కే అన్నా. మొదటి దినమే ఎర్కైంది. నా చిన్నప్పుడు ఊర్ల పంతులు వ్రతం కథ అయినంక గిట్లనే జెప్తుండె. గీయన మనోడే అనుకున్న."

లక్ష్మమ్మ మంచం దగ్గరికి జరిగింది. "ఎర్కుండి నాకెందుకు చెప్పలే?"

యాదయ్య ముఖం అటు తిప్పుకున్నాడు.

"అడుగుతున్న గదా?"

"భయమైంది" అన్నాడు గోడతో. "ఏళ్ళు లేనోణ్ణి సెంట్రింగు మీదికి ఎవడెక్కిస్తడే? కోస్తరంటెనే పానం వణికింది. నువ్వు నమ్మి మొండిగ కూసుంటివి. మంచిదే అనుకున్న. నీ నమ్మకం ఎన్క దాసుకున్న."

ఆమె చెయ్యెత్తింది. కొడుతుందనుకున్నాడు బాలనర్సయ్య. ఆ చెయ్యి యాదయ్య నుదుటి మీద ఆగింది, జ్వరం చూస్తున్నట్టు.

"నేనాడ ఊరందరితోని కొట్లాడుతుంటి" అంది. "భయమైతుందని ఒక్క మాట జెప్తే అయిపోతుండె. నాకు మాత్రం కాలేదా?"

పక్క మంచం వాళ్ళు వినబడనట్టు నటించారు.

"పెన్ను దే" అన్నాడు యాదయ్య.

దర్శన కాగితం మీద చోటు చూపించింది. అతను పేరు మెల్లగా, అక్షరం అక్షరం రాశాడు. కింద లక్ష్మమ్మ వేలిముద్ర వేసింది.

మూడున్నరకు ట్రాలీ వచ్చింది. ఎక్కించేటప్పుడు యాదయ్య బాలనర్సయ్య మణికట్టు పట్టుకున్నాడు. "అన్నా, పొద్దుగాల చదివినవు, ఆ అమ్మ ముచ్చట. చీకట్ల 'ఉన్నానే' అన్నది. గది కాగితం మీదున్నదేనా?"

"ఉన్నదే. సిస్టర్ చేతిరాత."

"అయితే మంచిదే" అన్నాడు. ట్రాలీ వెళ్ళిపోయింది.

ఆపరేషను గది బయట చెక్క బల్ల. ముగ్గురూ కూర్చున్నారు. డబ్బాలో రొట్టెలు ఎవరూ ముట్టలేదు. బాలనర్సయ్య జేబులో ఫోను ఆగకుండా వణుకుతోంది. ఆయనకు తీసి చూసే ధైర్యం లేక కోడలి చేతికిచ్చాడు.

"సపన వెట్టిందా ఏమన్న?" అంది లక్ష్మమ్మ.

దర్శన వెతికి, వినిపించింది. 'గోలీ ఏసుకున్న. తల తిరుగుతుండె, అందుకేనేమో. యాదన్న ఎట్లుండు?' లక్ష్మమ్మ కళ్ళు మూసుకుని నుదుటి మీంచి గుండె వరకు సిలువ గుర్తు వేసుకుంది.

ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చిన మిగతావి దర్శన తనలో తానే చదువుకుంది. కొన్నిటికి ఆమె ముఖం మాడింది. "ఒకాయన మూడేళ్ళు మోసం చేసినవంటుండు మామా. ఇంకో ఇద్దరు గ్రూప్ వదిలేసిండ్రు. ఒకామె..." ఆగింది. "ఒకామె, రేపు చదువుతవా లేదా అని అడుగుతుంది. అంతే రాసింది."

"ఏం చెప్పాలె ఆమెకు?"

"నాకేం తెలుసు? ఇది చూడు. సిస్టర్ మూడుసార్లు ఫోన్ చేసింది."

ఆ మాట అంటుండగానే నాలుగోసారి మోగింది. తెర మీద సిస్టర్ ఫిలోమినా పేరు. బాలనర్సయ్య చూస్తూ కూర్చున్నాడు. అది మోగి మోగి ఆగిపోయింది. తల్లి మంచం దగ్గర కూర్చున్న మనిషికి ఏమని చెప్పాలో ఆయనకు తోచలేదు. చెప్పక తప్పదని మాత్రం తెలుసు.

నాలుగున్నర. ఐదు. ఎదుటి గోడ మీద ఎండ పైకెక్కి పలచబడింది.

"అన్నా" అంది లక్ష్మమ్మ. "రేపటిది ఉన్నదా నీ కాడ?"

ఫైలు దర్శన సంచీలో ఉంది. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు తారాబాయే రొట్టెల డబ్బా కింద పెట్టిందని అప్పుడు తెలిసింది. బాలనర్సయ్య ముప్పై ఎనిమిదో కాగితం తీశాడు. లక్ష్మమ్మ ముందు రాత ఎక్కడ అయిపోతుందో చూసింది. వేలితో కొలిచి, సరేనని తలూపింది.

"సదువు."

"నేను చదువొచ్చునా ఇంక?"

"నాకు రాదు, ఈ పిల్లకు తెలుగు అచ్చరాలు రావు. ఇంకెవరు సదువాలె?"

ఆయన మొదలుపెట్టాడు. యిర్మీయా ప్రవక్తను సొంత స్నేహితులే ఎప్పుడు జారిపడతాడా అని చూస్తుండేవారని రాసింది సిస్టర్. అప్పుడు ఆ ప్రవక్త దేవునితో దెబ్బలాడాడని, దెబ్బలాడుతూనే ఆయన్ని విడిచిపెట్టలేదని రాసింది. మూడో వరుస చదువుతుండగా ఆపరేషను గది తలుపు తెరుచుకుంది. ఆకుపచ్చ బట్టల్లో ఒక నర్సు బయటికి వచ్చి, చేతిలో చీటీ చూసి పిలిచింది.

"యాదయ్య కే సాథ్ కౌన్ హై?" యాదయ్య తాలూకు మనుషులెవరని.

దర్శన లేచి నిలబడింది. నర్సు ముఖంలో ఏముందో బాలనర్సయ్యకు తెలియలేదు. ఆయన కాగితం పట్టుకునే లేవబోయాడు.

లక్ష్మమ్మ చెప్పులు వేసుకుంది. రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుని, చూపుడు వేలు తీసి మూడో వరుస మీద పెట్టింది.

"ఆడనే వెట్టి ఉంచు అన్నా" అంది. "మిగిలింది వచ్చి ఇంట."